గాలికి అడ్డం పెట్టిన వేలు

మా ఫారో దీవుల్లో పెనాల్టీకి ఇద్దరు కావాలి.
కొట్టడానికి ఒకరు.
బంతి గాలికి దొర్లిపోకుండా
బురదలో బోర్లా పడుకుని
చూపుడువేలితో అదిమి పట్టడానికి ఒకరు.
కొట్టింది రన్వా.
పడుకున్నది నేను.

పత్రికలవాళ్లు ఆమె గురించి అడగడానికొస్తే
ముందు ఈ మాటే చెబుతాను. వాళ్లు రాసుకోరు.
గోల్స్ ఎన్నంటారు.
దేశం తరఫున నాలుగు. నాలుగే.
మాకు పడ్డవి లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం.
ఒక జర్మన్ ఊళ్లో తొమ్మిదోది పడ్డాక
గోల్‌కీపర్ బిరీతా బంతిని బయటికి తీస్తూ
"మన చేపల వల కంటే ఇది నయం, చిరగదు" అంది.
నవ్వాం.
ఆ తొంభై నిమిషాల్లో
జట్టంతా కలిసి చేసిన పని అదొక్కటే.

పద్నాలుగేళ్లప్పుడు ఫ్యాక్టరీలో ఎదురెదురుగా నిలబడి
కాడ్ చేపల ముళ్లు తీసేవాళ్లం.
అబ్బాయిలు విడిచేసిన చొక్కాలు మోకాళ్ల దాకా వేలాడేవి.
ఏ సబ్బుకీ లొంగని నీచు వాసన.
అవతలి జట్టు పిల్లలు ముక్కు మూసుకుంటే
"మంచిదే, తోసెయ్యడానికి ఒక చెయ్యి తక్కువ" అనేది రన్వా,
వాళ్ల పక్కనుంచే దూసుకుపోతూ.
మ్యాచ్‌కి పడవలో పోతుంటే దారి పొడుగునా వాంతులు.
గెలిస్తే వచ్చేటప్పుడు రావనుకున్నాం.
గెలిచాం. వచ్చాయి.

ఇరవై తొమ్మిదో ఏట తడిగడ్డి మీద ఆమె తిరిగింది,
మోకాలు తిరగలేదు.
ఎవరూ తాకను కూడా లేదు.
ఆ చప్పుడు నాకు వినబడింది.
ఎండుకొమ్మ విరిగినట్టు అందామంటే
మా దీవుల్లో చెట్లెక్కడివి?
ఎండుచేపను రెండుగా విరిచినట్టు.

తర్వాత డెన్మార్క్‌లో శిక్షకుల తరగతి.
ఇరవైరెండు మంది మగవాళ్లు, ఈమె.
మొదటిరోజు ఒకాయన కాఫీ తెమ్మన్నాడట. తెచ్చిచ్చిందట.
చివరిరోజు బల్ల మీద ఆయన పరిచిన వ్యూహంలో
ఎడమవైపు ఖాళీ ఎంతుందో
అలాంటి కప్పే ఒకటి బోర్లించి చూపించిందట.

ఏళ్ల తరబడి పదేళ్ల మగపిల్లలకి నేర్పింది.
మైదానంలోంచి గొర్రెల్ని తోలడం కూడా ఉద్యోగంలో భాగమే.
నలభైమూడో ఏట సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది,
జాతీయ మహిళా జట్టుకి కోచ్, "తాత్కాలికంగా".
ఆరేళ్లయింది.
ఆ మాట ఇంకా ఎవరూ కొట్టెయ్యలేదు.
ఇప్పుడు తొమ్మిది పడటం లేదు. రెండు పడతాయి, ఒకటి.
ఒక్కోసారి అవతలివాళ్లకి పడుతుంది,
అప్పుడు రేవులో పడవలన్నీ ఒకేసారి కూత పెడతాయి.

మా అమ్మాయి హెర్దిస్ పేరు జాబితాలో లేదని చెప్పడానికి
ఫోన్ చెయ్యలేదు, ఇంటికే వచ్చింది.
బూట్లు గుమ్మం దగ్గర విప్పి,
వంటింట్లో కూర్చుని, నేను పెట్టిన రుబార్బు జామ్ తింటూ
"పరుగుంది. చూపు లేదు.
బంతి కాలికి తగిలాక తోడు వెతుక్కుంటోంది" అంది.
"నీ కోసం బురద తిన్నాను రన్వా" అన్నాను.
అనకూడదని తెలిసే అన్నాను.
"తిన్నావు" అంది.
ప్లేటు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.
రెండు నెలలు మాటల్లేవు.
హెర్దిస్ మాత్రం మర్నాటి నుంచీ
షెడ్డు గోడకేసి బంతి కొడుతూ
ప్రతి తాపుకీ ముందు
భుజం మీదుగా ఓసారి వెనక్కి చూస్తోంది,
వెనకాల సముద్రం తప్ప ఎవరూ లేకపోయినా.

మొన్న అక్టోబరులో, పడమటి గాలి
స్టాండు రేకుల్ని పీకేస్తుంటే, మాకు పెనాల్టీ దొరికింది.
హెర్దిస్ బెంచీ మీద ఉంది, కోటు గుండీలు పెట్టుకుని.
నాకు పేరు తెలియని పిల్లెవరో బురదలో పడుకుని వేలు చాచింది.
జనమంతా కొట్టబోయే అమ్మాయిని చూస్తున్నారు.
రన్వా ఒక్కతే, గీత దగ్గర, వానలో
కొంచెం వంగి
పడుకున్న పిల్లని చూస్తోంది.

నేను కూర్చున్న చెక్క బల్ల మీద నా వేలు
గోరు తెల్లబడేలా
దేన్నో అదిమి పట్టుకుని ఉంది.